దొడ్డ కేసు పద్మనాభం

ప్రపంచంలో చిన్న సమస్య అనేది ఒకటి ఉంటుందని పద్మనాభం గారు ఏనాడూ ఒప్పుకోలేదు. కంప్యూటర్ మూలిగినా, మొరాయించినా, ఊరికే అలిగి కూర్చున్నా ఆయన తీరు ఒక్కటే. ముందు కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడిచేవారు. మళ్ళీ పెట్టుకుని రోగిని నాలుగు వైపుల నుంచీ చూసేవారు. అంచుల వెంట వేళ్ళు జరిపి నాడి పట్టేవారు. ఆ తర్వాత తల పంకించి, "దొడ్డ కేసు అప్పా ఇది!" అనేవారు. దొడ్డ అంటే పెద్ద అనే అర్థం. ఆయన నోట్లో మాత్రం అది పెద్దకన్నా ఇంకాస్త పెద్దది. ఆ మాట వచ్చిందంటే ఇక ఆ పూటకి ఆ బల్ల దగ్గర పని ఆగినట్టే.

అది రెండువేల ఐదో సంవత్సరం. బెంగళూరు మహదేవపురలో టైర్ల కొట్టు మీద, రెండో అంతస్తులో రియాజ్ గారి సాఫ్ట్‌వేర్ కంపెనీ. మొత్తం పదమూడు మంది. అందులో ఎవరి కంప్యూటర్ చెడినా వైద్యుడు పద్మనాభం గారే. ఆయన తాతముత్తాతలు ఎప్పుడో మగ్గాలతో సహా బెంగళూరు వచ్చి నగరత్‌పేటలో స్థిరపడ్డారు. ఆయన పీణ్యలో ఒక కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు లేత్ మెషీన్లు బాగుచేసి, అది మూతపడ్డాక కంప్యూటర్లు నేర్చుకుని ఇక్కడ చేరారు. లేత్ మెషీన్‌కి చూపించిన మర్యాదే కంప్యూటర్ మౌస్‌కి కూడా చూపించేవారు.

ఆయన దగ్గర గోధుమరంగు అట్ట వేసిన రిజిస్టర్ ఒకటి ఉండేది. తేదీ, రోగి, రోగం, చికిత్స, కారణం అని అందులో ఐదు గళ్ళు. దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. అందులో రాయాలంటే ఆయన పెన్నే, ఆయన అక్షరమే.

ఒంగోలు నుంచి వచ్చి కొత్తగా చేరిన ప్రేమకుమారికి ఈ వ్యవహారమంతా చూస్తే ఒళ్ళు మండేది. ఆ పిల్లకి ఇరవై మూడేళ్ళు, ఓపిక తక్కువ, ధీమా ఎక్కువ. ఒంగోల్లో బ్యాంకు ఉద్యోగం వస్తే, "నాకొద్దు, నేను బెంగళూరు వెళ్ళి లినక్స్ మీద పనిచేస్తా" అని బంధువులందరి ముందూ ప్రకటించి రైలెక్కిన మనిషి. లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ అని కూడా తెలియని మేనమామ, "ఆర్నెల్లలో తిరిగొస్తుంది, రాసిపెట్టుకోండి" అన్నాడు. ఆ మేనమామ మాట అబద్ధం చేయడమే ప్రస్తుతం ఆమె జీవితాశయం.

ఆమె చేరిన వారానికే అకౌంట్స్ స్టాన్లీ గారి మానిటర్ నల్లబడింది. స్టాన్లీ గారికి శుభ్రత పిచ్చి. రోజూ పొద్దున్నే పసుపు గుడ్డతో మానిటర్‌ని ముందూ వెనకా, కింద బొత్తాలతో సహా, పసిపిల్లాడి ముఖంలా తుడిచేవారు. ఆ రోజు కూడా తుడిచారు. తుడిచాక చూస్తే తెర మీద చుక్క వెలుగు లేదు.

"దొడ్డ కేసు అప్పా ఇది," అన్నారు పద్మనాభం గారు.

"పోయినట్టేనా?" అన్నారు స్టాన్లీ గారు, గొంతు తగ్గించి.

"ప్రాణం ఉండాది. చూపు పోయింది. మీరు స్వల్ప బయటికి పోయి కాఫీ తాగి రండి. చూస్తే తట్టుకోలేరు."

గంటన్నర పట్టింది. మానిటర్ వెనక మూత విప్పారు, దుమ్ము ఊదారు, అయస్కాంతం గురించి చుట్టూ చేరిన వాళ్ళకి పాఠం చెప్పారు, మూత బిగించారు. బొమ్మ వచ్చింది. కారణం గడిలో 'తేమ' అని రాశారు. బెంగళూరులో తేమకేం తక్కువ, అందరూ తలలూపారు.

ఇంకో రోజు హర్షిత అనే అమ్మాయి కంప్యూటర్ అసలు వెలగనే లేదు. పొద్దున్నే ఆ బల్లల కింద, ఆఫీసు ఊడ్చే జయమ్మ తడిగుడ్డ పెట్టి వెళ్ళింది. నీళ్ళు చిందిస్తోందని రియాజ్ గారు ఆమెకి అప్పటికే రెండుసార్లు చెప్పి ఉన్నారు. పద్మనాభం గారు బల్ల కింద దూరి పది నిమిషాలు రాలేదు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపించాయి. చివరికి జుట్టు నిండా బూజుతో లేచి, "ఎలుకలు!" అన్నారు.

"రెండో అంతస్తులో ఎలుకలేంటి సార్?" అంది ప్రేమకుమారి.

"వాటికి లిఫ్టు కావాలా ఏమమ్మా?"

మర్నాడు ఆయన ఇంటి నుంచి చెక్క బోను తెచ్చి ఆ బల్ల కింద పెట్టారు. రోజూ ఒక మసాలా వడ అందులో ఎరగా వేసేవారు. సాయంత్రం దాకా ఎలుక రాకపోతే, పారేయడం పాపమని ఆ వడ ఆయనే తినేవారు. ఆరు నెలల్లో ఒక్క ఎలుకా పడలేదు. పద్మనాభం గారు మాత్రం రెండు కిలోలు పెరిగారు.

ఆఫీసంతా ఆయన్ని వెనకాల 'దొడ్డ కేసు' అనేది. ఐదు నిమిషాల పనికి ఐదు గంటలు తీసుకుంటారని నవ్వుకునేది. రియాజ్ గారు మాత్రం నవ్వేవారు కాదు. కర్నూలు మనిషి, కష్టపడి పైకొచ్చినవాడు, ఆయనకి ఒకే ఒక సూత్రం ఉండేది. "ఇగ్నోరెన్స్ ఓకే, కేర్‌లెస్‌నెస్ నాట్ ఓకే. తెలియక చేస్తే నేర్పిస్తా. అజాగ్రత్తగా చేస్తే పంపించేస్తా." ఇది వట్టి మాట కాదు. అంతకు ముందు ఏడాది ఒకబ్బాయి బ్యాకప్ టేపు పెట్టడం మరిచిపోతే నెల తిరక్కుండా పంపించేశారు.

ప్రేమకుమారి అప్పటికే ఒక ఫోల్డర్ చెరపబోయి పక్క ఫోల్డర్ చెరిపింది. "ఇది ఒకటి," అని వేలు చూపించారు రియాజ్ గారు. "ఇంకొకటి అయితే కన్ఫర్మేషన్ లెటర్ మర్చిపో." అంటే ఒంగోలు రైలు, ప్లాట్‌ఫారం మీద మేనమామ. ఆమెకి రెండో వేలు కలలోకి వచ్చేది.

అలాంటి రోజుల్లో పీణ్య నుంచి ఒక పెద్ద పని వచ్చేలా కనిపించింది. వెంకటగిరియప్ప గారని, ఇరవై రెండు లేత్ మెషీన్ల కార్ఖానా యజమాని. ఏ మెషీన్ మీద ఎన్ని పార్టులు తయారయ్యాయో ఒక లాప్‌టాప్ తెర మీద కనపడాలి, ఆ లాప్‌టాప్ పట్టుకుని ఆయన కార్ఖానా అంతా తిరగాలి, వైర్లు ఉండకూడదు. నేల మీద వైరు వేస్తే ట్రాలీలు తెంపేస్తాయి. సాఫ్ట్‌వేర్ అంతా లినక్స్ మీద తయారైంది. ఇక మిగిలింది ఆ లాప్‌టాప్‌లోని వైర్‌లెస్ కార్డును లినక్స్‌తో పనిచేయించడం.

ఆ రోజుల్లో అది పెళ్ళిసంబంధం కుదర్చడమంత పని. కార్డు ఒప్పుకుంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ ఒప్పుకోదు. కెర్నెల్‌ని బతిమాలి ఒప్పిస్తే కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్ ఫైలు వేరే వెర్షన్‌ది కావాలంటుంది. అన్నీ కుదిరాయనుకుంటే పాస్‌వర్డు దగ్గర బిగుసుకుంటుంది. ప్రేమకుమారి ఎనిమిది రోజులు దానితో కుస్తీ పట్టి, శుక్రవారం మధ్యాహ్నం గెలిచింది. లాప్‌టాప్ ఎత్తి పట్టుకుని, వైరు లేకుండా ఆఫీసంతా ఊరేగింది. డెమో సోమవారం సాయంత్రం నాలుగింటికి.

"గుడ్," అన్నారు రియాజ్ గారు. ఆయన నోట ఆ మాట రావడం ఆ ఏడాదిలో అది రెండోసారి. "డెమో బాగా జరిగితే మంగళవారం లెటర్."

సోమవారం పొద్దున పదిన్నరకి ఆమె లాప్‌టాప్ తెరిచింది. వైర్‌లెస్ లేదు.

కార్డు ఉందా అని అడిగితే ఉందన్నది మెషీన్. కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం ఎక్కిందా అంటే ఎక్కిందన్నది. చుట్టూ ఏ నెట్‌వర్కులున్నాయో చెప్పమంటే మాత్రం ఒక్కటీ లేదన్నది. ఆఫీసు వైర్‌లెస్ పెట్టె ఆమె నెత్తి మీదే, గోడకి, పచ్చ దీపం మినుకుమినుకుమంటూ ఉంది. ఆమె డ్రైవర్ తీసి మళ్ళీ వేసింది. పాస్‌వర్డు మూడుసార్లు కొట్టింది. రీస్టార్ట్ చేసింది. ఎనిమిది రోజుల్లో నేర్చుకున్న విద్యలన్నీ పదిహేను నిమిషాల్లో ప్రయోగించింది. ఫలితం లేదు.

రియాజ్ గారు వెనక నిలబడ్డారు. "ఫ్రైడే పనిచేసిందిగా?"

"చేసింది సార్."

"మరి మధ్యలో ఏమైంది?"

మధ్యలో శనివారం సాయంత్రం ఆమె లాప్‌టాప్‌ని హాస్టల్‌కి తీసుకెళ్ళింది, డెమో మాటలు నాలుగుసార్లు చెప్పుకుందామని. కంపెనీ ఇచ్చిన మెత్తటి బ్యాగు మరీ పెద్దదని, బస్సులో పట్టదని, దాన్ని తువ్వాల్లో చుట్టి కూరగాయల సంచిలో కుక్కింది. వాన పడుతుంటే ఇంకా గట్టిగా కుక్కింది. మెత్తటి బ్యాగు లేకుండా లాప్‌టాప్ గడప దాటకూడదన్నది రియాజ్ గారి ఆజ్ఞ. ఆమె ఏదో చెప్పబోయేలోగా ఆయనే అన్నారు, "పద్మనాభం గారిని పిలవండి."

"వద్దు సార్, నేనే చూస్తా. ఆయన చూస్తే రేపవుతుంది."

"పిలవండి."

పద్మనాభం గారు పదకొండూ ఐదుకి వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ప్రతి మెషీన్ తనకేం జరిగిందో నిమిషం నిమిషం ఒక దినచర్య రాసుకుంటుంది. లాగ్ అంటారు దాన్ని. ఏ కేసైనా ఆయన మొదట తెరిచేది అదే. నల్లటి తెర మీద తెల్లటి వరసలు జరజరా పాకాయి. ఒకచోట ఆయన కళ్ళు ఆగాయి. తెరని తన వైపుకి తిప్పుకున్నారు. కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో తుడిచి, పెట్టుకున్నారు. లాప్‌టాప్ అంచుల వెంట వేళ్ళు జరిపి తాపీగా నాడి పట్టారు.

"దొడ్డ కేసు అప్పా ఇది."

"ఎంతసేపు?" అన్నారు రియాజ్ గారు.

"మూడు గంటలు."

"డెమో నాలుక్కండీ! పీణ్య పోవడానికే గంటన్నర!"

"అందుకే మూడంటాండా. లేకుంటే ఐదు."

అక్కడి నుంచి ఆఫీసు ఆఫీసంతా ఆపరేషన్ థియేటర్ అయింది. స్టాన్లీ గారిని కుర్చీ ఎక్కించి, గోడ మీద వైర్‌లెస్ పెట్టె ఊడదీయించి, కిటికీ దగ్గర ఎత్తి పట్టుకోమన్నారు. "చెయ్యి కదిలితే సిగ్నల్ జారిపోతాది," అన్నారు. స్టాన్లీ గారు ఊపిరి కూడా కొంచెం కొంచెంగా పీల్చారు. అందరి సెల్‌ఫోన్లూ జయమ్మ బకెట్‌లో వేయించి మెట్ల మీద పెట్టించారు. రియాజ్ గారు పావుగంటకోసారి తలుపు సందులోంచి తల పెట్టేవారు.

"ఎంతవరకొచ్చింది?"

"ఒకటో మెట్టు దాటింది. మెల్లగా మాట్లాడండి అప్పా, కెర్నెల్ బెదురుతాది."

రియాజ్ గారు పిల్లిలా వెనక్కి వెళ్ళిపోయేవారు.

ప్రేమకుమారి అక్కడే నిలబడి చూద్దామనుకుంది. ఆయన ఒప్పుకోలేదు. ఒక తెల్లకాగితాల కట్ట ఆమె చేతిలో పెట్టారు. "అమ్మా, నువ్వు మీటింగు గదిలో కూర్చో. మొదటి రోజు నుంచి ఈ పొద్దు దాకా దీంతో ఏమేం చేసినావో అంతా రాయి. ఏ ఆజ్ఞ కొట్టినావు, అదేం జవాబిచ్చింది, నువ్వేం తప్పు చేసినావు, ఎట్ల దిద్దుకున్నావు. ఒక్కటీ వదలొద్దు."

"ఇప్పుడా సార్?"

"జాతకం లేకుండా మందెట్ల వేసేది?"

ఆమె పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి కూర్చుంది. రాస్తున్న కొద్దీ కోపం పోయి భయం మిగిలింది. పది పేజీలు రాశాక పెన్ను ఆగింది. శనివారం సంగతి రాయాలా? రాస్తే రెండో వేలు. రాయకపోతే, ఆ కుదుపులకే ఏదైనా ఊడి ఉంటే, ఆ ముసలాయన మూడు గంటలు అక్కడ చీకట్లో తడుముకుంటాడు. పదకొండో పేజీ తీసి, సంచీ, తువ్వాలూ, వానా అన్నీ రాసి, కింద సంతకం కూడా పెట్టింది. ఆ పేజీ ఇచ్చేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోయింది.

రెండూ పదికి పద్మనాభం గారు చప్పట్లు కొట్టారు. తెర మీద ఆఫీసు నెట్‌వర్క్ పేరు, పక్కన నాలుగు నిండు గీతలు! స్టాన్లీ గారు పెట్టెతో సహా కుర్చీ మీదే కూలబడ్డారు.

"ప్రాబ్లమ్ ఏంటి?" అన్నారు రియాజ్ గారు.

"కెర్నెల్‌కీ ఫర్మ్‌వేర్‌కీ మనస్పర్థ. ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేసినా. ఈ అమ్మ అన్నీ రాసి పెట్టింది కాబట్టి అయింది. లేకుంటే నా వల్ల అయ్యేది కాదు."

ముగ్గురూ కారులో పీణ్య చేరేసరికి నాలుగుకి ఐదు నిమిషాలుంది. వెంకటగిరియప్ప గారు తెల్ల పంచె, నూనె మరకల చేతులతో ఎదురొచ్చారు. ప్రేమకుమారి లాప్‌టాప్ పట్టుకుని ఇరవై రెండు మెషీన్ల మధ్య తిరుగుతూ చూపించింది. ఎక్కడా తెగలేదు. మెషీన్ పక్కన పార్టు పడటం, తెర మీద అంకె మారడం ఒకేసారి జరిగాయి. ఆయన అంతా చూసి ఒక్క ప్రశ్న అడిగారు.

"అంతా బాగుండాది. మీరు పోయినాక ఇది చెడిపోతే నేనేం చేసేది?"

రియాజ్ గారు ఏదో మొదలుపెట్టేలోగా పద్మనాభం గారు ప్రేమకుమారి రాసిన కాగితాల కట్ట తీసి ఆయన చేతిలో పెట్టారు. వెంకటగిరియప్ప గారు నిలబడే పేజీలు తిప్పారు. ఒకచోట ఆగి, పైకి చదివారు. "ఇక్కడ నేను తప్పు చేశాను, రెండు రోజులు పోయాయి, మీరు ఇలా చేయకండి." తల ఎత్తి ప్రేమకుమారిని చూసి నవ్వారు. "ముప్పై ఏండ్లలో ఎన్నో మెషీన్లు కొన్నా. వాటితో వచ్చిన పుస్తకాల్లో తప్పు చేసినామని రాసినోళ్ళు ఒక్కరూ లేరు. ఇట్లాంటి వాళ్ళ దగ్గరే కొనాల."

పని ఖాయమైంది. మంగళవారం లెటర్ వచ్చింది. ప్రేమకుమారి ఒంగోలుకి ఫోన్ చేసి, మేనమామని ప్రత్యేకంగా లైన్లోకి పిలిపించి మరీ చెప్పింది.

అయినా ఒక ముల్లు మిగిలింది. పదకొండో పేజీ. వెనక్కి తెచ్చిన కట్టని రియాజ్ గారు చదివారని ఆమెకి తెలుసు. చదివీ ఏమీ అనలేదంటే ఆయన మనసు ఎంత గొప్పది! బుధవారం ధైర్యం చేసి ఆయన గదిలోకి వెళ్ళింది.

"సార్, మీరు ఆ పేజీలు చదివాక కూడా... థాంక్యూ సార్."

"నేనే చెప్పాలి థాంక్స్. సూపర్‌గా రాశావ్. ఆ పది పేజీలూ జిరాక్స్ తీయించి అందరికీ ఇవ్వమన్నా."

"పదేనా సార్?"

"ఎందుకు, ఇంకా ఉన్నాయా?"

"లేవు సార్," అని బయటికొచ్చేసింది ప్రేమకుమారి.

సీటుకి వెళ్ళి లాప్‌టాప్ తెరిచింది. సోమవారం తను కంగారులో చూడనిది, పద్మనాభం గారు మొట్టమొదట చూసింది, ఆ దినచర్య తెరిచి చదివింది. పదీ నలభైకి మెషీన్ శుభ్రమైన ఇంగ్లీషులో రాసి పెట్టింది. రేడియో స్విచ్ ఆఫ్‌లో ఉంది, అది ఆన్ చేస్తే తప్ప వైర్‌లెస్ పనిచేయదు. ఆమె లాప్‌టాప్ ముందు అంచు తడిమింది. అక్కడ గోరంత స్విచ్చు. ఇటు జరిపితే ఆన్, అటు జరిపితే ఆఫ్. సంచిలో కుక్కినప్పుడు జరిగిపోయింది. అంతే. డ్రైవర్ లేదు, ఫర్మ్‌వేర్ లేదు, మనస్పర్థ అంతకన్నా లేదు.

ఇంకా కిందికి చదివింది. పదకొండూ ఏడుకి స్విచ్ ఆన్ అయింది. పదకొండూ ఎనిమిదికి నెట్‌వర్క్ కలిసింది. పదకొండూ తొమ్మిదికి ఎవరో చేత్తో ఆజ్ఞ కొట్టి దాన్ని మళ్ళీ ఆపేశారు. అంటే ఆయన వచ్చిన మూడు నిమిషాల్లో అంతా అయిపోయింది. మరి మిగిలిన మూడు గంటలు? అనుమానం వచ్చి ఆటల మెనూ తెరిచింది. ఎవరూ ఎన్నడూ ముట్టని పేకముక్కల ఆటలో లెక్కలు కనిపించాయి. ఆడినవి పద్నాలుగు, గెలిచినవి మూడు.

అప్పుడామెకి ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. స్టాన్లీ గారు పసుపు గుడ్డతో కింద బొత్తాలతో సహా తుడిచిన పొద్దున. ఆ బొత్తాల్లో ఒకటి వెలుగు తగ్గించేది. తడిగుడ్డ పెట్టేటప్పుడు జయమ్మ చెయ్యి తగిలి ఊడిన ప్లగ్గు. ఆ మూడో తప్పు బయటపడితే ఆమె ఉద్యోగం ఉండేది కాదు. ప్రేమకుమారి నేరుగా హర్షిత బల్ల దగ్గరికి వెళ్ళి, కింద వంగి ఎలుకల బోను బయటికి లాగింది. ఆ రోజు వడ అందులో వేడిగా ఉంది. వడ కింద, నూనె అంటకుండా పరిచిన కాగితం, సంతకంతో సహా, ఆమె పదకొండో పేజీ.

పద్మనాభం గారు తన బల్ల దగ్గర రిజిస్టర్ రాసుకుంటున్నారు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మూడే గెలిచారు సార్," అంది.

ఆయన పెన్ను ఆగింది. ఆమె చేతిలోని నూనె కాగితం చూశారు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"ఆ పేకల్లో ఏదో మోసం ఉండాదమ్మా. దొడ్డ కేసు అది."

"స్విచ్ అని అప్పుడే చెప్పి ఉండొచ్చుగా?"

"రియాజ్ వెనకే నిలబడి ఉండాడు కదమ్మా." ఆయన గొంతు తగ్గించారు. "చూడు, రెండు నిమిషాల్లో బాగైతే ఎవురి తప్పు అని అడుగుతారు. మూడు గంటలు పడితే మెషీన్‌ది తప్పంటారు. మెషీన్‌కి పోయేదేముండాది? దానికేమన్నా కన్ఫర్మేషన్ లెటరా?"

ప్రేమకుమారికి నవ్వొచ్చింది. "ఆఫీసంతా మిమ్మల్ని స్లో అనుకుంటోంది సార్."

"అనుకోనీ. పీణ్యలో చేరిన కొత్తలో నేనొక మెషీన్‌కి మెయిన్ స్విచ్ వెయ్యడం మరిచినా. మేనేజరు వచ్చి నిలబడినాడు. మా ఫోర్‌మన్ పెద్దమునియప్ప ఏం చేసినాడు తెలుసా? నాలుగు గంటలు ఆ మెషీన్ అంతా విప్పినాడు. విప్పి, మళ్ళీ బిగించి, పోతా పోతా స్విచ్ వేసినాడు. ఆ నాలుగు గంటల్లో మెషీన్ లోపలంతా నాకు చూపించినాడు. నేనింత నేర్చుకున్నదే ఆ పొద్దు." ఆయన రిజిస్టర్ మూశారు. "నువ్వు ఆ లాగ్ చూస్తావని మాత్రం అనుకోలేదమ్మా. చెరపాల్సింది, మరిచిపోయినా. అది నా అజాగ్రత్త."

మొదటిసారి ఆయన ఆ రిజిస్టర్‌ని ఆమె వైపు జరిపారు. ఆమె తిప్పి చూసింది. నాలుగేళ్ళు, నూట పద్దెనిమిది కేసులు. కారణం గడిలో తేమ ఉంది, వోల్టేజీ ఉంది, ఎలుకలు ఉన్నాయి, కెర్నెల్ ఉంది. ఒక్క మనిషి పేరు లేదు.

తర్వాత నెలకి రియాజ్ గారు కూడా తన కొత్త లాప్‌టాప్‌లో లినక్స్ వేయించుకున్నారు, వైర్‌లెస్‌తో సహా. ఒక ఉదయం వెంకటగిరియప్ప గారు మరో ఇద్దరు కార్ఖానా యజమానుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. అంతకు గంట ముందే రియాజ్ గారు కొత్తగా చేరిన చేతన్‌ని నిలబెట్టి అజాగ్రత్త మీద ఉపన్యాసం ఇచ్చారు. అద్దాల గది తలుపు తెరిచే ఉండటంతో మిగతా పన్నెండు మందీ విన్నారు. ఇప్పుడు అదే గదిలో అతిథుల ఎదుట ఆయన లాప్‌టాప్ తెరిస్తే వైర్‌లెస్ లేదు. రెండుసార్లు మూసి తెరిచారు. నుదుటి మీద చెమట పట్టింది.

"ప్రేమా! ఒకసారి రా. ఏంటిది ఇలా?"

ప్రేమకుమారి వెళ్ళింది. వెనకే పద్మనాభం గారూ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆమె దినచర్య తెరిచింది. ఒక వరస దగ్గర కళ్ళు ఆగాయి. తెరని తన వైపుకి తిప్పుకుంది. అంచు వెంట వేళ్ళు జరిపింది, గోరంత స్విచ్చు చేతికి తగిలింది, అది అటు జరిగి ఉంది. ముగ్గురు పెద్దమనుషులూ చూస్తున్నారు. రియాజ్ గారు, ఎన్నడూ లేనిది, గోరు కొరుకుతున్నారు.

ఆమెకి కళ్ళజోడు లేదు. మెడలో ఐడీ కార్డు తీసి, చున్నీ కొసతో తుడిచి, మళ్ళీ వేసుకుంది.

"దొడ్డ కేసు సార్ ఇది," అంది.

రియాజ్ గారి భుజాలు కిందికి దిగాయి. "అవునా? నేనేమైనా తప్పు..."

"మీదేం లేదు సార్. అరగంట పడుతుంది. అందాకా మీరు పక్కన కూర్చుని, ఈ వారం దీంతో ఏమేం చేశారో ఒక కాగితం మీద రాయండి."

"ఎన్ని పేజీలు?"

"గుర్తున్నంత వరకూ సార్."

రియాజ్ గారు బుద్ధిగా పెన్ను మూత తీశారు. వెంకటగిరియప్ప గారు పక్క ఇద్దరితో, "నేను చెప్పలే? వీళ్ళు అన్నీ రాసి పెడతారు," అన్నారు గర్వంగా.

పద్మనాభం గారు వెళ్ళి గోధుమరంగు రిజిస్టర్ తెచ్చి ఆమె ముందు తెరిచారు. జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చారు. ఆమె తేదీ రాసింది, రోగి రాసింది, రోగం, చికిత్స రాసింది. కారణం గడి దగ్గర ఆగి ఆయన వైపు చూసింది.

ఆయన వంగి, చెవి దగ్గర రహస్యంగా అన్నారు. "ఎలుకలు వద్దమ్మా, వాడేసినా. తేమ రాయి."

ప్రేమకుమారి గుండ్రటి అక్షరాలతో 'తేమ' అని రాసింది. అద్దాల అవతల మహదేవపుర రోడ్డు మీద ఎండ చిటపటలాడుతోంది.